గుర్రాన్ని అదిలించే మాట: క్రాస్‌వర్డ్ క్లూ విప్పడం ఎలా?

ఇంగ్లీషు క్రాస్‌వర్డ్ రోజూ చేసేవాళ్లకు ఈ క్లూ ఎప్పుడో ఒకసారి ఎదురుపడక తప్పదు. మూడు గళ్లుంటాయి. క్లూ "గుర్రానికి ఆజ్ఞ" అంటుంది, లేదా "బండి తోలేవాడి మాట" అంటుంది. బడిలో నేర్చుకున్న ఇంగ్లీషులో ఈ మాటలు లేవు. నవలల్లో కనిపించినా అర్థం చూడకుండా పేజీ తిప్పేసి ఉంటాం. అందుకే ఎంత బాగా ఇంగ్లీషు వచ్చినవాళ్లకైనా ఇక్కడ పెన్సిల్ ఆగిపోతుంది.

నిజానికి ఇవి కష్టమైన క్లూలు కావు. ఆ గుర్రం పక్కన నడిచే మనిషి ఎటువైపు నిలబడ్డాడో, ఏం చేయమంటున్నాడో కళ్ల ముందు కనిపిస్తే జవాబు దానంతటదే వస్తుంది. జాబితా బట్టీ పట్టినవాళ్లకు "జీ" కుడో ఎడమో ఆ క్షణంలో గుర్తురాదు. బండివాడిని చూడగలిగినవాళ్లు తడబడరు. అందుకని ముందు పొలంలోకి వెళ్దాం, గళ్ల దగ్గరికి తర్వాత వద్దాం.

మొదట: ఏ పని చెబుతున్నాడో తేల్చుకోండి

బండివాడికి కావలసినవి నాలుగే పనులు. కదలడం, ఆగడం, కుడికి తిరగడం, ఎడమకు తిరగడం. క్లూలో వీటిలో ఏది ఉందో ముందు గుర్తుపట్టండి.

కుడికి తిరగమంటే "జీ". అక్షరాలు జి, ఇ, ఇ. ఎడమకు తిరగమంటే "హా". అక్షరాలు హెచ్, ఏ, డబ్ల్యు. ఆగమంటే "వో". దీన్ని డబ్ల్యు, హెచ్, ఓ, ఏ అని నాలుగక్షరాలతో రాస్తారు. కదలమంటే "గిడ్డియప్", లేదా బ్రిటన్‌లో "జీ అప్".

జీ, హా అన్న జంట దగ్గర కాస్త ఆగాలి, ఎక్కువ క్లూలు వచ్చేది వీటి మీదే. అమెరికాలో, ముఖ్యంగా న్యూ ఇంగ్లండ్ పల్లెల్లో, ఎడ్ల జోడును తోలే పద్ధతి చూడండి. ఎడ్లకు పగ్గాలు ఉండవు. మెడ మీద కాడి, తోలేవాడి చేతిలో సన్నటి కర్ర, నోట్లో మాట, అంతే. అతను జోడుకు ఎడమవైపున, ఎడమ ఎద్దు భుజం దగ్గర నడుస్తాడు. "హా" అంటే జోడు అతని వైపుకు వస్తుంది. "జీ" అంటే అతని నుంచి దూరంగా, అవతలికి తిరుగుతుంది. దుక్కి చాలు చివరకు వచ్చి మలుపు తిరిగేటప్పుడు ఈ రెండు మాటల మధ్య పొరపాటు జరిగితే కాడి మెలిపడుతుంది. అందుకే రెండిటికీ పోలిక లేని శబ్దాలు పెట్టుకున్నారు. ఒకదాంట్లో సన్నగా సాగే "ఈ", ఇంకోదాంట్లో నోరు తెరిచే "ఆ". దుమ్ములో, గాలిలో, కొంత దూరం నుంచి విన్నా జంతువు తేడా పట్టగలదు.

తోలేవాడు ఎడమన ఉంటాడు, హా అతని వైపుకు. ఈ ఒక్క బొమ్మ మనసులో ఉంటే చాలు, కుడి ఎడమలు ఇక తారుమారు కావు.

మన పల్లెల్లో నాగలి పట్టినవాళ్ల ఇంట్లో పుట్టినవారికి ఇది ఇంకా తేలిక. జోడెడ్లలో ఎడమవైపుది దాపటెద్దు, కుడివైపుది ఎలపటెద్దు. ఇంగ్లీషు బండివాళ్లు కూడా ఎడమ గుర్రాన్ని "నియర్" అనీ, కుడి గుర్రాన్ని "ఆఫ్" అనీ అంటారు. అమెరికా ఎడ్లవాళ్లు ఎడమ ఎద్దును "నై" అంటారు. ఎన్, ఐ, జి, హెచ్ అని రాసే ఆ మాటకూ దగ్గర అనే అర్థం. అంటే హా దాపట వైపు, జీ ఎలపట వైపు. ఈ నియర్, ఆఫ్, నై అనే మూడు కూడా క్రాస్‌వర్డ్‌లోకి వస్తాయి, అవి కూడా ఒక మూల గుర్తుపెట్టుకోండి.

తర్వాత: క్లూ ఏ దేశంలో ఉందో చూడండి

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. అమెరికా పజిల్‌లో "జీ" అంటే దాదాపు ఎప్పుడూ కుడి మలుపే. బ్రిటిష్ పజిల్‌లో అదే మాట "త్వరగా నడు" అనే అర్థంలోనూ రావచ్చు, ఎందుకంటే అక్కడ పిల్లలకు సైతం తెలిసినది "జీ అప్". ఆ మాట నుంచే చిన్నపిల్లలు గుర్రాన్ని "జీజీ" అనడం మొదలైంది. గుర్రప్పందేల మీద డబ్బు పెట్టే పెద్దవాళ్లు కూడా పందెం గుర్రాలను "జీజీలు" అనే అంటారు.

క్లూలో స్కాట్లాండ్ ప్రస్తావన ఉంటే వేరే మాటలు వెతకండి. బ్రిటిష్ క్రాస్‌వర్డ్ కూర్చేవాళ్లు దగ్గర పెట్టుకునే చాంబర్స్ నిఘంటువులో "హప్" ఉంది. కుడికి తిరుగు, లేదా త్వరగా నడు అని గుర్రానికి చెప్పే మాట అది. అక్షరాలు హెచ్, యు, పి. అదే నిఘంటువులో "హై" కూడా ఉంది. అక్షరాలు హెచ్, ఐ, ఇ. ఇది ఎడమకు తిప్పే స్కాటిష్ పిలుపు. ఈ "హై"కి త్వరపడి వెళ్లడం అనే పాత అర్థం కూడా ఉంది, పద్యాల్లో కనిపిస్తుంది. కాబట్టి క్లూ "తొందరగా వెళ్లు, పాతకాలంలో" అన్నా జవాబు ఇదే. అసలు అరుదైన అదిలింపు మాట అని క్లూ నొక్కి చెబితే, నేనైతే మొదట హప్‌ని, తర్వాత హైని ప్రయత్నిస్తాను.

క్లూలో మంచు, అలాస్కా, కుక్కల బండి లాంటివి కనిపిస్తే కంగారు పడకండి. అక్కడా జీ కుడే, హా ఎడమే. గుర్రాల దగ్గర పుట్టిన మాటలు అలాస్కాలో బండి కుక్కల దగ్గరికి చేరాయి. 1973 నుంచి ఆంకరేజ్ నుంచి నోమ్ వరకు, దాదాపు 1,600 కిలోమీటర్ల ఇడిటరాడ్ పోటీ జరుగుతోంది. అందులో ముందు నడిచే కుక్కకు పగ్గం ఉండదు. వెనక బండి మీద నిలబడ్డ మనిషి గొంతే దానికి దారి. కుక్కలను కదిలించడానికి ఎక్కువగా అనే మాట "హైక్". సినిమాల వల్ల జనం మనసులో నాటుకున్న "మష్" అనే మాట ఫ్రెంచి "మార్ష్" నుంచి, అంటే నడు అనే మాట నుంచి వచ్చింది. క్రాస్‌వర్డ్‌లో కుక్కల బండి అంటూ నాలుగు గళ్లిస్తే హైక్, మష్ రెండూ సరిపోతాయి. అందుకని అడ్డంగా దాటే పదం తేలేవరకు ఏదీ నింపకండి.

గళ్లు లెక్కపెట్టండి, నడిమి అక్షరం చూడండి

రెండు గళ్లంటే డబ్ల్యు, ఓ తో రాసే "వో", లేదా హెచ్, ఓ తో రాసే "హో". రెండూ ఆపే మాటలే.

మూడు గళ్లలో ఒక మంచి సౌకర్యం ఉంది. జీ, హా, హప్, హై నాలుగిటికీ నడిమి అక్షరం వేరు. జీలో ఇ, హాలో ఏ, హప్‌లో యు, హైలో ఐ. కాబట్టి నిలువుగా దాటే పదం ఒక్కటి పడి నడిమి గడి తెలిసిందంటే పని అయిపోయినట్టే. మొదటి గడి మాత్రమే తెలిసి అది హెచ్ అయితే ఇంకా మూడు దారులు ఉంటాయి. అందుకే ఈ క్లూల్లో ఎప్పుడూ నడిమి గడిని దాటే పదం మీదే ముందు పని చేయండి. అమెరికా గ్రిడ్‌లో ప్రతి గడినీ ఇంకో పదం దాటుతుంది కాబట్టి ఇది ఎప్పుడూ వీలవుతుంది. బ్రిటిష్ తరహా గ్రిడ్‌లో, అంటే ది హిందూలో వచ్చేలాంటి దాంట్లో, ఒక గడి విడిచి ఒక గడికి దాటింపు ఉంటుంది. అక్కడ మూడక్షరాల పదానికి నడిమి గడే తెరిచి ఉండకపోవచ్చు. అలాంటప్పుడు క్లూలోని పదాల ఆటే ఆధారం, దాని సంగతి కింద చెబుతాను.

నాలుగు గళ్లంటే డబ్ల్యు, హెచ్, ఓ, ఏ. దీన్నే డబ్ల్యు, ఓ, ఏ, హెచ్ అని కూడా రాస్తున్నారు. కొన్ని నిఘంటువులు ఆ వర్ణక్రమాన్నీ చేర్చుకున్నాయి. హెచ్ రెండో గడిలోనా, నాలుగో గడిలోనా అన్నది దాటే పదాలే తేల్చాలి.

కదిలించే మాట దగ్గర వర్ణక్రమం ఇంకా చిక్కు. ఏడు గళ్లలో జి, ఐ, డి, డి, వై వరకు ఒకటే. ఆరో గడిలో ఏ రావచ్చు, యు రావచ్చు, చివర పి. ఆరు గళ్ల పొట్టి రూపంలో వై పోతుంది, అప్పుడు అనుమానపు గడి ఐదోది. ఆ ఒక్క గడినీ ఖాళీగా వదిలేసి మిగతావి ధైర్యంగా నింపేయండి. దాటే పదం వచ్చి అచ్చు ఏదో చెబుతుంది. గడి ఖాళీగా ఉంటే కళ్లకు బాగోదని యు రాసేస్తే, అది తప్పయిన రోజున పక్క పదం కూడా చెడుతుంది.

క్లూ వ్యాకరణం జవాబు వ్యాకరణమే

ఇది అన్ని క్లూలకూ వర్తించే నియమమే అయినా ఇక్కడ మరీ పనికొస్తుంది, ఎందుకంటే జీ, హా రెండూ క్రియలు కూడా. క్లూ భూతకాలంలో "కుడికి తిరిగింది" అంటే చివర డి చేరి నాలుగక్షరాల "జీడ్". "ఎడమకు తిరిగింది" అంటే ఐదక్షరాల "హాడ్", హెచ్, ఏ, డబ్ల్యు, ఇ, డి. బహువచనంలో "పొలంలో ఆజ్ఞలు" అంటే చివర ఎస్.

అమెరికా పజిళ్లలో క్లూ మొత్తం కొటేషన్ గుర్తుల్లో ఉంటే జవాబు నోటితో అనే మాట అని అర్థం. చివర ప్రశ్నార్థకం ఉంటే మాటతో ఆడుతున్నారని. "హక్కు" అనీ "కుడి" అనీ "సరైనది" అనీ అర్థాలున్న "రైట్" అనే ఇంగ్లీషు మాట పక్కన పొలమో, జోడో, మంచు బండో కనిపించి చివర ప్రశ్నార్థకం ఉంటే, మూడు గళ్లయితే, జీ అని రాసేయవచ్చు. "లెఫ్ట్" అంటే వదిలి వెళ్లాడు అని కూడా అర్థం. కాబట్టి "జోడును వదిలాడా?" అన్నట్టు కనిపించే క్లూ నిజానికి ఎడమ మలుపు అడుగుతూ ఉండవచ్చు.

అదే మాటకు ఉన్న వేరే అర్థాలు

గుర్రం ఊసే లేని క్లూకు గుర్రం మాట జవాబు కావడం తరచుగా జరుగుతుంది. అందుకని ఒక్కో మాటకు ఎన్ని ముఖాలున్నాయో తెలిసి ఉండాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది హా. ఇంగ్లండ్ పొలాల కంచెల్లో పెరిగే హాథార్న్ ముళ్ల చెట్టుకు ఆకురాలు కాలంలో కాసే చిన్న ఎర్రటి కాయ పేరు హా. పక్షులు చలికాలమంతా వాటి మీద బతుకుతాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ తటపటాయించడం కూడా హా. అమెరికాలో "హెమ్ అండ్ హా" అంటారు, బ్రిటన్‌లో "హమ్ అండ్ హా" అంటారు. గాడిద ఓండ్రపెట్టడాన్ని ఇంగ్లీషులో "హీ హా" అని రాస్తారు, అందులో రెండో సగం ఇదే. ఇక గుర్రం కంటి లోపలి మూలలో, ముక్కు వైపున, పలుచటి పొర ఒకటి ఉంటుంది. మూడో రెప్ప అది. కన్ను లోపలికి లాగినప్పుడు అడ్డంగా జరిగి గుడ్డును కాపాడుతుంది. దాని పేరూ హానే. పొడవుగా వేలాడే చెవులు, జారిన కింది రెప్పలు ఉన్న బాసెట్ హౌండ్ కుక్కల్లో ఆ పొర ఎర్రగా బయటికే కనిపిస్తుంది. అంటే గుర్రం గురించి అడిగిన మూడక్షరాల క్లూ ఆజ్ఞ గురించి కాకపోయి కన్ను గురించి అయినా జవాబు మారదు.

జీకి కూడా చాలా ముఖాలు. ఆశ్చర్యార్థకం, అయ్యబాబోయ్ లాంటిది. ఇంగ్లీషు ఏడో అక్షరం పేరు. గురుత్వాకర్షణకు కొలమానం, యుద్ధవిమానం నడిపేవాళ్లు ఇన్ని జీలు అని లెక్కపెట్టేది. వెయ్యి డాలర్లకు అమెరికా వీధి మాట. ఈ చివరిదానికి ఒక పాత ఉచ్చు ఉంది. వెయ్యిని పొట్టిగా టి, హెచ్, ఓ, యు అని రాస్తారు, "థౌ" అంటారు. అవే నాలుగక్షరాలు పాత ఇంగ్లీషులో "నువ్వు" అనే "దౌ". క్లూలో అది కనిపించి బైబిల్ భాష వైపు మనసు పోతే ఉచ్చులో పడ్డట్టే.

హప్ సైనికుల కవాతులో అడుగు లెక్క కూడా. దానికి ఇంతకంటే పెద్ద కథ లేదు.

పదాల ఆట ఉన్న క్లూలు విప్పడం

ఇక క్రిప్టిక్ క్లూల సంగతి. మనలో చాలామందికి ఈ రుచి తగిలించింది ది హిందూ. 1971లో అందులో క్రాస్‌వర్డ్ మొదలైనప్పుడు కూర్చినది అడ్మిరల్ రామదాస్ కటారి. 1958లో భారత నౌకాదళానికి అధిపతి అయిన తొలి భారతీయుడు ఆయనే. అంత బాధ్యతలు మోసిన మనిషి విశ్రాంత జీవితంలో గళ్లు, అక్షరాలు ముందేసుకుని కూర్చున్నాడంటే ఈ ఆటలో ఉన్న గౌరవం ఏమిటో అర్థమవుతుంది.

క్రిప్టిక్ క్లూలో ఎప్పుడూ రెండు భాగాలు. ఒక కొసన మామూలు అర్థం, మిగిలినదంతా అక్షరాలు పేర్చే సూచన. గుర్రపు మాటలు మరీ పొట్టివి కాబట్టి పేర్చే తీరులు కొన్నే ఉంటాయి. ఒక్కోదానికి నేను కూర్చిన క్లూ ఇస్తాను, తెలుగులోనే చెబుతాను, అక్షరాలు మాత్రం ఇంగ్లీషువే అనుకోండి.

"నవ్వు, పడమరకు: గుర్రానికి చెప్పే మలుపు." నవ్వు అంటే హెచ్, ఏ. పడమరకు గుర్తు డబ్ల్యు. కలిపితే హా. పటంలో పడమర ఎడమనే ఉంటుంది, గుర్రం తిరిగేదీ ఎడమకే. ఇలా క్లూ పైఅర్థమూ లోపలి అర్థమూ ఒకే దిక్కు చూపితే విప్పినవాళ్లకు కలిగే ఆనందం వేరు.

"మెదడు పరీక్ష వెనక్కి తిప్పితే బండి కుడికి." మెదడు పరీక్ష ఈఈజీ. ఇ, ఇ, జి అన్న అక్షరాలను వెనక నుంచి చదివితే జి, ఇ, ఇ. క్లూలో తిప్పి, వెనక్కి, తిరుగు ముఖం పట్టి లాంటి మాటలు కనిపిస్తే ఈ దారి పట్టండి. జీకి ఇంకో తోవ కూడా ఉంది. ఎస్ ఆకారంలో వంపు తిరిగే భవన శిల్పపు అంచును "ఓజీ" అంటారు, అక్షరాలు ఓ, జి, ఇ, ఇ. క్రాస్‌వర్డ్ కూర్చేవాళ్లకు చాలా ప్రియమైన పదం. తల పోయిన ఓజీ అంటే జీ.

"గుర్రం, స్వారీలో: ఇటు తిరుగు." ఇది హప్. ఇందులో రెండు క్రాస్‌వర్డ్ సంప్రదాయాలు తెలియాలి. హెరాయిన్‌కు వీధి భాషలో "హార్స్" అని మారుపేరు, హెరాయిన్‌కు పొట్టి గుర్తు హెచ్. కాబట్టి గుర్రం అంటే హెచ్. గుర్రం మీద ఎక్కి ఉన్నవాడిని "అప్" అంటారు కాబట్టి స్వారీ అంటే యు, పి. మొత్తం క్లూ గుర్రపు స్వారీ మాటే మాట్లాడుతూ అక్షరాలూ ఇస్తుంది. హప్‌ను దాచిపెట్టడమూ సులువు. వ్యాయామంలో చేసే "పుషప్స్" మధ్యలో హెచ్, యు, పి వరుసగా ఉన్నాయి, చూడండి. లోపల, కొంత భాగం, నడుమ లాంటి మాటలు క్లూలో ఉంటే పదాల మధ్య దాగిన అక్షరాలు వెతకండి.

"ఆరోగ్య సంస్థకు మొదటి శ్రేణి: ఇక ఆగు." ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్ల్యు, హెచ్, ఓ. మొదటి శ్రేణి ఏ. నాలుగు గళ్ల వో తయారు. ఇదే మాట వినడానికి దుఃఖం అనే "వో"లాగే ఉంటుంది, దాన్ని డబ్ల్యు, ఓ, ఇ అని రాస్తారు. "దుఃఖం వినిపించింది, బండి ఆపు" అన్న తరహా క్లూ అందుకే కుదురుతుంది. వినిపించు, చెవిన పడు, అంటారు లాంటి మాటలు శబ్ద సామ్యానికి గుర్తు.

హైకి హెచ్ పక్కన "అంటే" పెడితే చాలు. "అంటే"కు ఇంగ్లీషులో పొట్టిరూపం ఐ, ఇ.

ఇంకొకటి. బ్రిటిష్ క్రిప్టిక్‌లలో గుర్రం అన్న మాట ఎక్కడ కనిపించినా జీజీని, అంటే రెండు జి అక్షరాలను గుర్తుచేసుకోండి. "తూర్పున గుర్రం, పొద్దున పళ్లెంలో" అంటే ఇ, జి, జి. గుడ్డు. ఈ ఒక్క కిటుకు మీద ఎన్ని పదాలు నిలబడ్డాయో చెప్పలేం.

ఇతర భాషల గుర్రాలు

జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలు భాష బాగుపడటానికి అక్కడి పత్రికల క్రాస్‌వర్డ్ చేస్తుంటే ఒక మాట. అక్కడ గుర్రాన్ని కదిలించే మాట "హ్యూ", కుడికి తిప్పే మాట "హొట్", ఆపడానికి "బ్ర్". హ్యూలోని యు మీద రెండు చుక్కలుంటాయి, కానీ గళ్లలో ఆ చుక్కల యును యు, ఇ అని విడదీసి రెండు గళ్లలో రాస్తారు. కాబట్టి రెండక్షరాల మాట మూడు గళ్లు తీసుకుంటుంది. ఫ్రెంచిలో "హ్యూ" కుడి, "దియా" ఎడమ. ఒకరు హ్యూ అంటే ఇంకొకరు హొట్ అంటారని జర్మన్లు సామెతగా వాడతారు, మనం ఎడ్డెమంటే తెడ్డెం అన్నట్టు. స్పానిష్‌లో "అరె" అంటే నడు, "సో" అంటే ఆగు. మ్యూల్స్‌ను, అంటే కంచరగాడిదలను, తోలేవాడిని "అర్రియెరో" అనేది ఆ అరె నుంచే.

ఎందుకిన్ని గుర్రపు మాటలు క్రాస్‌వర్డ్‌లో మిగిలాయి అన్నదానికి తేదీలు చూస్తే చాలు. ఆర్థర్ విన్ కూర్చిన తొలి పజిల్ న్యూయార్క్ వరల్డ్ పత్రికలో వచ్చింది 1913 డిసెంబర్ 21న. ఆ రోజుల్లో అమెరికాలో గుర్రాలు, మ్యూల్స్ కలిపి 2.5 కోట్లకు పైగా ఉండేవి. చదివేవాళ్లలో సగానికి సగం మంది ఈ మాటలు ఇంట్లో వాడినవాళ్లో విన్నవాళ్లో అయి ఉంటారు. లండన్ టైమ్స్ 1930లో, న్యూయార్క్ టైమ్స్ 1942లో క్రాస్‌వర్డ్ మొదలుపెట్టే నాటికి ట్రాక్టర్ వచ్చేసింది, కానీ రెండు అచ్చులున్న మూడక్షరాల పదాన్ని కూర్చేవాడు ఎందుకు వదులుకుంటాడు? పొలం నుంచి పోయిన మాట గళ్లలో బతికింది. మనకు ఆ మాటలు ఇంకా దొరుకుతున్నాయంటే ఆ ఇరుకు గళ్ల పుణ్యమే, అందుకే వీటిని నింపేసి మరిచిపోకుండా అర్థం తెలుసుకుని నింపమని నా మనవి.

స్క్రాబుల్ ఆడేవాళ్లకు కూడా ఇవి అక్కరకొస్తాయి. హాకు 9 పాయింట్లు, హప్‌కు 8, నాలుగక్షరాల వోకు 10. జీకి 4 మాత్రమే, చేతిలో ఇ అక్షరాలు ఎక్కువై వదిలించుకోవాలంటే తప్ప దాన్ని ఆడకండి.

చేసి చూడండి

నాలుగు క్లూలు ఇస్తున్నాను. మొదట జవాబు చూడకుండా ప్రయత్నించండి.

ఒకటి, నాలుగు గళ్లు: "పొలంలో కుడికి తిరిగింది."

రెండు, మూడు గళ్లు: "గాడిద అరుపులో సగం."

మూడు, ఏడు గళ్లు, కొటేషన్ గుర్తుల్లో: "కదులు, గుర్రమా!"

నాలుగు, నాలుగు గళ్లు: "ఎడమవైపు ఎద్దు దగ్గర్లోనే."

మొదటిది జీడ్, భూతకాలం కాబట్టి చివర డి. రెండోదానికి హీ కావచ్చు, హా కావచ్చు. నడిమి గడిని దాటే పదం ఇ ఇస్తే ఒకటి, ఏ ఇస్తే ఇంకొకటి, అది రాకుండా హెచ్ ఒక్కటే రాసి ఉంచండి. మూడోది గిడ్డియప్, ఆరో గడి ఖాళీగా వదలండి. నాలుగోదాంట్లో రెండు అర్థాలు పక్కపక్కన ఉన్నాయి, ఎడమ పశువు ఒకటి, దగ్గర ఒకటి. నియర్ కుదురుతుంది, నై కూడా కుదురుతుంది, రెండూ ఎన్‌తోనే మొదలు. క్లూలో గుర్రం అని ఉంటే నియర్ వైపు మొగ్గండి. ఎద్దు అని ఉంది కాబట్టి నేను నై అంటాను. రెండో గడిలో ఐ పడితే అనుమానం తీరుతుంది.